బోస్టన్ బల్లకు నాలుగో చెయ్యి

అవలోన్, 7 నవంబరు 1821

తమ్ముడు ఎవారిస్త్‌కు,

మన ఊరి లాటరీ దుకాణం నడిపే ముసలి బిదో పోయాడు. ఆదివారం పూడ్చిపెట్టాం. బాధ లేదని కాదు గానీ, ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు. దుకాణం ఖాళీ అయింది.

యుద్ధంలో పోయిన అధికారుల భార్యలకు సర్కారు ఇలాంటి దుకాణాలు ఇస్తుందని నీకూ తెలుసు. మీ బావ కెప్టెన్ వాసెలిన్ లైప్‌జిగ్ దగ్గర పోయి ఎనిమిదేళ్లయింది. చక్రవర్తిగారి రోజుల్లో వచ్చిన పింఛను రాజుగారు రాగానే సగమైంది. నాకన్నా అర్హురాలు ఈ ఊళ్లో లేదు. అర్జీ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఆర్థిక శాఖలో లాటరీలు చూసే అధికారి ద బ్రెవాన్ గారట. ఆయన చేతికి ఇచ్చి రా. అంతే పని. పాచికలతో ఆడే బాతు ఆట పటాలకు రంగులద్దే మనిషివి, ఒక పూట కుంచె కింద పెడితే మీ యజమాని దివాలా తీయడు.

ఈ పని ఎందుకు జరిగి తీరాలో చెబుతాను, ఎందుకంటే నీకు చెబితే తప్ప తట్టదు. ఈస్టరుకు ఇంటి కౌలు తీరిపోతుంది. కౌలు పొడిగించడం మానేసి ఇల్లు కొడుక్కి ఇచ్చుకుంటానని యజమాని అంటున్నాడు. దుకాణం వస్తే ఆ పైనున్న రెండు గదుల్లో నేనూ, మా పనిపిల్ల తోయ్‌నెట్టూ సర్దుకుంటాం. రాకపోతే ఓతన్ వెళ్లి మీ బావ మేనత్త స్కొలాస్టిక్ గారి పంచన పడాలి. పెద్దత్తగారి సంగతి మరిచిపోయావేమో. మా పెళ్లికి వచ్చిన పిల్లలు ఆమె పెరట్లో నీ బాతు ఆటే ఆడుకుంటుంటే, పాచికలు లాక్కుని బావిలో పారేయించిన మనిషి. ఆ ఇంటి గడప పేకముక్క దాటకూడదు. తోయ్‌నెట్‌కు అక్కడ చోటు ఉండదు, ఆవిడకు పనిమనిషి ఉంది. నేను దానికి జీతమని ఇచ్చేది ఏమీ లేదు. మంగళవారం ఆట అయ్యాక అతిథులు ముక్కల ఖర్చుకని కొవ్వొత్తి సెమ్మె కింద వదిలే చిల్లరే దాని సంపాదన.

నిన్న మంగళవారం మా బోస్టన్ పేకాట బల్ల బాగా సాగింది. నేను జత కోసం "అడుగుతున్నా" అనగానే నోటరీ పెర్రుషో గారు తన ముక్కలు సర్దుకోకుండానే "తోడున్నా" అన్నారు. ఇద్దరం కలిసి మిగతా ఇద్దరినీ చితక్కొట్టాం. పన్నెండేళ్లుగా ఆ మనిషి అంతే. ఇలాంటి ముగ్గురిని వదిలి నేను ఓతన్‌లో రోజుకు మూడుసార్లు జపమాల తిప్పుతూ కూర్చోవాలా?

ఆలస్యం చేయకు.

నీ అక్క,
ఒనొరీన్


పారిస్, 20 నవంబరు 1821

అక్కా,

నీ అర్జీ ఇచ్చాను. ఇచ్చానంటే ఏం జరిగిందో విను. కచేరీలో బంట్రోతు దాన్ని తీసుకుని, చదవకుండా, తన పక్కనున్న బుట్టలో పడేశాడు. బుట్ట నా నడుమెత్తు ఉంది.

"ఇవన్నీ ఏమిటయ్యా?" అన్నాను.

"విధవలు," అన్నాడు.

"అయ్యగారిని ఒక్కసారి చూడొచ్చా?"

"ఆఫీసులో అయ్యగారు ఎవర్నీ చూడరు. గురువారం సాయంత్రాలు అమ్మగారు ఇంట్లో ఎకార్తె ఆడిస్తారు. అక్కడికి వెళ్లండి, తమరికి ఆహ్వానం ఉంటే."

ఆహ్వానం సంపాదించాను. మా దుకాణంలో ఆవిడ చిత్తరువుల తెరలు కొంటుంది, యజమాని ఒక మాట వేశాడు. కానీ ఎకార్తె అంటే మీ బోస్టన్ కాదు. ఇద్దరే ఆడతారు. మిగతా అందరూ చెరో వైపు వెనక నిలబడి, నచ్చినవాడి మీద పందెం కాసి, చెవిలో సలహాలు ఊది, ఓడితే తిడతారు. ఓడినవాడు కుర్చీ ఖాళీ చేయాలి. గెలిచినవాడు కదలడు. ద బ్రెవాన్ గారు ఎప్పుడూ గెలిచి కూర్చున్నవాడితోనే ఆడతారట. అంటే నీ గురించి ఆయనతో ఒక్క మాట అనాలంటే నేను ముందు ముగ్గురినో నలుగురినో కుర్చీలోంచి లేపాలి.

నాకు ఎకార్తె రాదు. ఊళ్లో అందరికీ వచ్చు, మా ఇంటావిడ చిలక్కి కూడా వచ్చేలా ఉంది, నాకు తప్ప. అందుకని లెవాసర్ అనే ముసలాయన దగ్గర నేర్చుకుంటున్నాను. ఒకప్పుడు జూదగృహంలో ముక్కలు పంచిన మనిషి, ఇప్పుడు మానేశాడు. పాఠానికి బదులు ఆయన గది గోడకు రంగు వేస్తున్నాను. "మీ చేతికి రాజు వచ్చినప్పుడు మీ ముఖం దేవదూతను చూసినట్టు అవుతోంది, ముందు దాని సంగతి చూడండి" అంటాడు. రోజంతా బాతులకు రంగు, సాయంత్రం గోడకు రంగు, మధ్యలో ముఖానికి రంగు లేకుండా చూసుకోవడం. ఒక కాగితం ఇచ్చి రమ్మన్నావు. గుర్తుందా?

నీ తమ్ముడు,
ఎవారిస్త్


అవలోన్, 3 డిసెంబరు 1821

ఎవారిస్త్,

పోయిన మంగళవారం ముక్కలు పంచుతుండగా మందుల దుకాణం గోద్రీ గారి భార్య తీరిగ్గా అంది: "ఒనొరీన్ గారూ, మీ తమ్ముడికి పారిస్‌లో సాయంత్రం పూట కూడా పని దొరికిందట కదా?" నాకు అర్థం కాలేదు. పెర్రుషో గారు దగ్గారు. ఆయన మేనల్లుడు నిన్ను పాలే రొయ్యాల్ మెట్లెక్కుతుండగా చూశాడట. ఒకసారి కాదు.

ముసలాయన, పాఠం, గోడకు రంగు అని నువ్వు రాసింది నేను చదివాను. పాలే రొయ్యాల్ అని మాత్రం రాయలేదు. రాయకపోవడమే నన్ను భయపెట్టింది. అక్కడ మేడమేడకూ ఏ జూదగృహం ఉందో ఈ ఊళ్లో పాలమనిషికి కూడా తెలుసు. మన తాతగారి ద్రాక్షతోట బిరిబీ జూదం బల్ల మీద ఎలా పోయిందో, నాన్న ఆ తోట పక్కనుంచి వెళ్లేటప్పుడు తల ఎటు తిప్పుకునేవాడో మరిచిపోయావా? ఆ రక్తమే నీదీ. నిజం రాయి. ఎంత పోగొట్టుకున్నావు?

ఏమీ పోలేదంటే, నా మాట విని ఆ గురువారాలు త్వరగా ముగించు. పెద్దింటికి వెళ్లినప్పుడు ఎలా మెలగాలో నీకు ఎవరూ నేర్పలేదు, అమ్మ పోయేనాటికి నువ్వు చిన్నవాడివి. గృహస్థుతో ఆడేటప్పుడు గెలవకు. మర్యాదగా ఓడు. ఓడి, ఆయన ఆట మెచ్చుకో. వచ్చేముందు ముక్కల ఖర్చు సెమ్మె కింద పెట్టడం మరవకు. చిల్లర పెడితే పల్లె నుంచి వచ్చిన పిసినారి అనుకుంటారు, కాస్త ఘనంగా పెట్టు. మనిషి ఎలాంటి ఇంట్లో పుట్టాడో సెమ్మె ఎత్తితే తెలుస్తుంది. పారిస్ అయినా అవలోన్ అయినా మర్యాద ఒకటే.

తోయ్‌నెట్ నీకు ఊలు మేజోళ్లు అల్లుతోంది. జూదరికి ఎందుకు అన్నాను. "జూదరులకూ కాళ్లు చల్లబడతాయి అమ్మగారూ" అంది.

ఒనొరీన్


పారిస్, 11 జనవరి 1822

అక్కా,

ముందుగా: నేను ఏమీ పోగొట్టుకోలేదు. లెవాసర్ గది పాలే రొయ్యాల్ మేడ మీద ఉంది, అద్దె తక్కువ కాబట్టి. పెర్రుషో మేనల్లుడు ఆ మెట్ల దగ్గర ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగారా?

ఇక నీ మర్యాద పాఠాల సంగతి.

మర్యాదగా ఓడమన్నావు. మొదటి గురువారమే ఓడాను. నా వెనక ఒక లావుపాటి కల్నల్ నా మీద పందెం కాసి ఉన్నాడు. ఆయన నా భుజం పట్టుకుని గుంజి, "చేతిలో రాజుని పెట్టుకుని ముక్కలు మార్చుకుంటావా? నీ కళ్లు ఎవరికైనా కుదువ పెట్టావా?" అని గది అంతా వినేలా అరిచాడు. ఈ ఆటలో మర్యాదగా ఓడటం కుదరదు అక్కా. నాతోపాటు ఇంకో అరడజను మంది ఓడతారు.

అందుకని గెలవడం నేర్చుకున్నాను. నిన్న గురువారం ముగ్గురిని లేపాను. ఎదురుగా వచ్చి ద బ్రెవాన్ గారు కూర్చున్నారు.

"మీది ఏ ఊరు?" అన్నారు.

"అవలోన్ అండీ. మా అక్క అక్కడే..."

"అవలోన్! అక్కడ సత్రంలో చేపల పులుసు అద్భుతంగా చేస్తారు. ముక్కలు మారుస్తారా?"

"మారుస్తానండీ. మా అక్క కెప్టెన్ వాసెలిన్..."

"ఎన్ని?"

"మూడండీ."

రెండు నెలల చదువుకు ఫలితం ఇంతే. ఆయన గెలిచారు, నేను లేచాను. లేచి, నువ్వు చెప్పినట్టే, వెండి సెమ్మె ఎత్తి దాని కింద ఐదు ఫ్రాంకుల నాణెం పెట్టాను. ఘనంగా ఉండాలన్నావుగా.

గదిలో అందరూ సెమ్మె వైపు తిరిగారు. కల్నల్ కూడా మెడ చాచాడు. మదామ్ ద బ్రెవాన్ విసనకర్ర మడిచి, చిరునవ్వుతో, "ఎవారిస్త్ గారూ, భోజనం బిల్లు కూడా తెప్పించమంటారా? మా సత్రం మీకు నచ్చినట్టుంది," అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను తలుపు దాకా నడిచినా ఆగలేదు. పెద్దిళ్లలో ఈ ఆచారం పోయి రెండేళ్లయిందట. ముక్కల ఖర్చు గృహిణిదే. డబ్బు పెట్టడమంటే ఆవిడను పూటకూళ్లమ్మ అన్నట్టు. ఇక నన్ను ఆ ఇంటికి రానివ్వరు. నీకు నా కృతజ్ఞతలు.

కానీ విను. బయట కోటు అందించిన పెద్ద నౌకరు ఫిర్మాన్, గుండీలు పెట్టుకుంటుంటే నెమ్మదిగా అన్నాడు: "అయ్యా, సెమ్మె కింద డబ్బు చూసి రెండు చలికాలాలయింది. ఆ డబ్బు మాది. మర్యాద మారిందన్నారు, మా జీతం మారలేదు. తమకేం కావాలి?"

చెప్పాను. నవ్వాడు. "అయ్యగారు గురువారాలు అర్జీల మాట వినరు, శుక్రవారాలు చదవరు. కచేరీ రెండో అంతస్తులో గుమాస్తా ఉంటాడు. సరాసరి వెళ్లి నా అర్జీకి ఏం తక్కువైందని అడగండి. ఎవరూ అడగరు."

ఈ పొద్దున వెళ్లి అడిగాను. గుమాస్తా బుట్టలోంచి నీ కాగితం తీసి ఒక్క నిమిషం చూశాడు. దుకాణం తీసుకునేవాళ్లు జామీను చూపించాలి. ఆస్తి ఉన్నవాళ్లెవరైనా సంతకం చేయాలి. నువ్వు చూపలేదు. తతిమ్మావన్నీ సరిగ్గా ఉన్నాయి. నవంబరులో అడిగినా ఇదే చెప్పేవాణ్ణి అన్నాడు.

నోటరీ పెర్రుషో గారు సంతకం చేస్తారు కదా? ముక్కలు చూడకుండా తోడుంటానన్న మనిషి.

మేజోళ్లు అందాయి. తోయ్‌నెట్‌కు చెప్పు, కాళ్లు వెచ్చగానే ఉన్నాయని, మిగతా అంతా చల్లబడిందని.

ఎవారిస్త్


అవలోన్, 16 జనవరి 1822

ఎవారిస్త్,

ఆచారం పోయిందట! ఆ ఆడమనిషి ముక్కల ఖర్చు తనే పెట్టుకుంటే గొప్పదైపోయిందా? మిగిల్చింది నౌకర్ల కంచంలోంచి. తప్పు నీదీ కాదు, నాదీ కాదు. ఐదు ఫ్రాంకులు మాత్రం నీ తప్పే. ఘనంగా పెట్టమంటే చర్చి గంటకు చందా ఇచ్చినట్టా పెట్టేది?

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. నిన్న మంగళవారం. పెర్రుషో గారు, గోద్రీ గారి భార్య, ముసలి కెప్టెన్ లెబ్రె, అందరూ వచ్చారు. తోయ్‌నెట్ కొవ్వొత్తులు వెలిగించింది. ముక్కలు ఇంకా పంచలేదు. నేను నవ్వుతూనే అన్నాను: "అడుగుతున్నా."

"ముక్కలు పంచకుండానే?" అన్నారు పెర్రుషో గారు.

"జామీను అడుగుతున్నా. లాటరీ దుకాణానికి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అంతసేపు తుడవవలసిన మురికి వాటి మీద లేదు. "మదామ్, జామీనులు రాయించడమే నా వృత్తి. ఇవ్వడం మొదలుపెడితే రాయించుకునేవాళ్లు రారు. పాస్."

"నాకు పిల్లలున్నారు, వాళ్లకు పిల్లలున్నారు. పాస్," అంది గోద్రీ గారి భార్య.

"నాకున్న ఆస్తల్లా కీళ్లనొప్పులమ్మా. వాటి మీద సంతకం చేయమంటే చేస్తా. పాస్," అన్నాడు లెబ్రె. ఆయన ఒక్కడే సిగ్గుపడ్డాడు.

తర్వాత ముక్కలు పంచారు. ఎప్పటిలాగే ఆడాం. నేను ఆ సాయంత్రం ఇంకెప్పుడూ "అడుగుతున్నా" అనలేదు. ఒక్కదాన్నే ఆడాను. గెలిచాను కూడా, నీకు చెబితే ఏమైంది. వాళ్లు వెళ్లాక తోయ్‌నెట్ సెమ్మె ఎత్తి, "అమ్మగారూ, ఇవాళ ఎప్పటికన్నా ఎక్కువ పెట్టారు!" అంది సంబరంగా. దాని మీద అరిచాను. పాపం, అదేం చేసింది?

ఈ సంగతి ఎక్కడా అనకు. ముఖ్యంగా ఓతన్‌కు రాయకు. పెద్దత్తగారికి తెలిస్తే, జూదానికి జామీను అడుక్కుంటున్నానని ఊరి ఫాదరీల చేత నా పేర ప్రార్థనలు చేయిస్తుంది. ఇంకో దారి చూస్తాను.

ఒనొరీన్


పారిస్, 20 ఫిబ్రవరి 1822

అక్కా,

కూర్చుని చదువు.

ఓతన్‌కు రాశాను. నువ్వు వద్దన్నావు, నాకు గుర్తుంది. కానీ నువ్వు చూస్తానన్న ఇంకో దారి ఏమిటో నెల దాటినా రాయలేదు. ఆస్తి ఉన్న బంధువు ఆవిడ ఒక్కతే. తిడుతూ నాలుగు పేజీలు వస్తాయనుకున్నాను. నాలుగు వాక్యాలు వచ్చాయి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అయ్యా, పత్రం మీద సంతకం చేస్తాను. దుకాణం ఓతన్‌లో, మా ఇంట్లో, వీధి వైపు గదిలో ఉండాలి. మా వంటింట్లోంచి ఆ గదిలోకి తలుపు ఉంది, దాన్ని ఎన్నడూ మూయకూడదు. దుకాణం నడిపే మనిషి ఎవరొచ్చారో, ఏం రాయించుకున్నారో బయట చెప్పకూడదన్న రూలు ఉందో లేదో తిరుగు టపాలో తెలపండి."

గుమాస్తాను అడిగాను. ఉందట. రాశాను. ఆవిడ పత్రం మీద సంతకం చేసి పంపేసింది.

ఓతన్‌లో దుకాణం పోయిన వేసవి నుంచి మూతపడి ఉంది, ఎవరూ అడగలేదు. అవలోన్‌కు ముప్ఫైమంది అడిగారు. గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు. నీ పేరు మీద కాగితాలు తయారయ్యాయి. వెంటనే ఒప్పుకోకపోతే ఇంకొకరికి వెళ్తుందంటే నీ తరఫున ఒప్పుకున్నాను. నిన్ను అడిగి రాసేంత వ్యవధి లేదు.

ఆవిడ తలుపు గురించి ఎందుకు పట్టుబట్టిందో నేను ఊహించగలను. నీ మీద ఒక కన్ను వేసి ఉంచడానికి. అయినా దుకాణం నీది, సంపాదన నీది. ఒకరి పంచన పడటం కాదిది. వెనక పేజీలో తక్కిన వివరాలు ఉన్నాయి.

కోపం తగ్గాక రాయి.

ఎవారిస్త్


అవలోన్, 26 ఫిబ్రవరి 1822

ఎవారిస్త్,

కోపం తగ్గలేదు. రాస్తున్నాను.

ఓతన్ వెళ్లకుండా ఉండటానికి దుకాణం అడిగాను. నువ్వు దుకాణాన్నే ఓతన్ పంపావు. రెండు నెలలు ముక్కలు నేర్చుకుని చివరికి నన్నే పందెంలో పెట్టి ఓడావు. ఆ వంటింటి తలుపు ఎందుకో నీకు అర్థమై కూడా ఒప్పుకున్నావు! ఆవిడ జపమాల పట్టుకుని నా వెనకే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వచ్చినవాడల్లా నా చేత చీటీ రాయించుకుని, ఆవిడ చేత నరకం గురించి విని వెళ్తాడు. నెల తిరిగేసరికి ఒక్కడూ రాడు. దుకాణం మూతపడుతుంది. అప్పుడు ఎలాగూ ఆవిడ పంచనే ఉంటాను. ముసలావిడ ఎంత చక్కగా ఆడిందో, నువ్వు ఎంత చక్కగా ఓడావో! మర్యాదగా ఓడటం కుదరదన్నావు కదూ?

ఇక తోయ్‌నెట్. దానికి ఏం చెప్పమంటావు? సామాను సర్దుతూ, నేను చూడటం లేదనుకుని సెమ్మెను గుడ్డతో తుడిచి తుడిచి పక్కన పెడుతోంది. చూడలేకపోతున్నాను.

సంతకం పెట్టనని నేను కచేరీకి రాయొచ్చు. రాయలేదు. ఇల్లు ఈస్టరుకు ఖాళీ చేయాలి కాబట్టి. నీ మీద జాలిపడి కాదు.

ఒ.


పారిస్, 4 మార్చి 1822

అక్కా,

ఒక్కటే అడుగుతాను. నా ఉత్తరం రెండో వైపు తిప్పావా?

తిప్పలేదని నీ ఉత్తరమే చెబుతోంది. తిట్టడానికి అంత తొందరేమిటి? వెనక పేజీలో ఇలా ఉంది: దుకాణంలో చీటీలు రాసే మనిషికి సాయంగా ఒకరు ఉండాలన్నది నిబంధన, ఆ చోట్లో తోయ్‌నెట్ పేరు రాయించాను. పెద్దత్తగారికీ తెలిపాను. "పిల్ల నోరు భద్రమైనదేనా?" అని మాత్రం అడిగింది. భద్రమైనదేనన్నాను. మేజోళ్ల ఋణం తీరింది.

ఇప్పుడు వెళ్లి దానికి చెప్పు. సెమ్మె పెట్టెలో పెట్టుకోమను.

నీ మీద నాకూ కోపంగా ఉంది, మరిచిపోకు.

ఎవారిస్త్


ఓతన్, 15 మే 1822

తమ్ముడూ,

నెల రోజులుగా ఉత్తరం రాయలేదని అలిగావని తెలుసు. రాయడానికి ఏం జరుగుతోందో నాకే అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది.

దుకాణం ఈస్టరు వెళ్లిన వారంలో తెరిచాం. తలుపు పైన రాజుగారి ముద్రతో బోర్డు, లోపల బల్ల, నేను, తోయ్‌నెట్. మొదటిరోజు పొద్దున్నే వీధి తలుపు గడియ ఇంకా తీయలేదు, వంటింటి తలుపు తెరుచుకుంది. పెద్దత్తగారు. చర్చికి వెళ్లే నల్ల దుస్తులు, ముసుగు. మొదలైంది నా శిక్ష అనుకున్నాను. ఆవిడ వీధి కిటికీ తెర లాగి, బల్ల ముందు నిలబడి, గొంతు తగ్గించి అంది:

"ఏడు. ఇరవై తొమ్మిది. అరవై మూడు. రాయి."

నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"ఏం చూస్తావు? రాయడం రాదా? మరిచిపోకు, నీకు రూలు ఉంది, బయట అనకూడదు."

పంతొమ్మిదేళ్లుగా ఆ మూడు అంకెలనూ మేపుతోంది, ఎవారిస్త్. లాటరీ తీసిన ప్రతిసారీ వాటి మీదే పందెం, ఒక్కటీ వదలకుండా. ఏడు అంటే మేరీమాత ఏడు దుఃఖాలు. ఇరవై తొమ్మిది సెయింట్ మైకేల్ పండుగ తేదీ. అరవై మూడు ఆవిడ పాపాలు విన్న ఫాదరీ పోయిన వయసు. ఇన్నేళ్లూ తను వెళ్లలేక పాలమనిషి చేత రాయించింది, ఎందుకంటే పాత దుకాణదారు చర్చి గంటలు కొట్టేవాడి బావమరిది, నోరు నిలవదు. ఒకసారి ఆ పాలమనిషి ఇరవై తొమ్మిదికి బదులు ఇరవై ఆరు రాయించింది. ఆ సారి ఇరవై తొమ్మిది వచ్చింది. ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ శిలువ గుర్తు వేసుకుంటుంది. వేసవిలో దుకాణం మూతపడేసరికి అంకెలు పస్తు పడుకున్నాయి. ఆ బాధలో ఉండగా నీ ఉత్తరం చేరింది. నాలుగు వాక్యాల్లో ఎందుకు ఒప్పుకుందో, తలుపు ఎందుకు మూయకూడదో ఇప్పుడు తెలిసిందా? మనిద్దరం ఆవిడ మన మీద కన్నేస్తుందనుకున్నాం. ఆవిడ భయమల్లా ఊరి కన్ను తన మీద పడుతుందని.

"పెద్దత్తగారూ, ఇది జూదం కాదా?" అన్నాను ఉండబట్టలేక.

"జూదమైతే రాజుగారు నడుపుతారా?" అంది.

నిన్న పారిస్ అంకెలు టపాలో వచ్చాయి. ఆవిడవి ఒక్కటీ లేదు. కాగితం రెండుసార్లు చదివి, మడిచి, "ఇంకా ఆకలి తీరలేదు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. పస్తు పెట్టిన నెలలకు ప్రాయశ్చిత్తంగా రేపటి నుంచి పందెం కాస్త పెంచమంది. నా బతుకు ఆవిడ మేత మీదా, ఆవిడలాంటి వాళ్ల మేత మీదా నడుస్తోంది. ఇందులో నేను సంతోషించాలో బాధపడాలో నువ్వే రాయి, నాకు తీరిక లేదు. వీధి తలుపు దగ్గర పొద్దున్నుంచీ జనం.

ఇంకొకటి. మొదటి వారంలో తోయ్‌నెట్ పొరపాటున నా పాత ముక్కల కట్ట బల్ల మీద పెట్టింది. పెద్దత్తగారు చూసింది. నాకు బావి గుర్తొచ్చింది. ఆవిడ గది నాలుగు మూలలూ చూసి, పైన బోర్డు వైపు చూసి అంది: "నా ఇంట్లో ముక్కలు ఉండకూడదు. కానీ ఈ గది సర్కారుకు అద్దెకిచ్చాను. గడప దాటి ఇటు వస్తే మాత్రం పొయ్యిలో వేస్తాను." నిన్న మంగళవారం దుకాణం మూశాక బల్ల తుడిచాం. పక్కింటి ఫాదరీ ములో గారిని ఆవిడే పిలిచింది. ఎవరూ లేక నాలుగో చెయ్యిగా తోయ్‌నెట్‌ను కూర్చోబెట్టాం. పెద్దత్తగారు ముక్కలు కలిపిన తీరు చూస్తే నీ లెవాసర్ టోపీ తీసేవాడు. ఎక్కడ నేర్చుకుందో అడగలేదు.

నా చేతికి వచ్చినవి పనికిరాని ముక్కలు. అయినా నోటికి ఎలా వచ్చిందో తెలియదు, జనవరి తర్వాత మొదటిసారి, "అడుగుతున్నా," అన్నాను.

"పాస్," అన్నారు ఫాదరీ గారు.

"పాస్ అమ్మగారూ," అంది తోయ్‌నెట్.

పెద్దత్తగారు ముక్కల మీంచి తలెత్తలేదు. "తోడున్నా," అంది.

ఓడిపోయాం. ఘోరంగా ఓడిపోయాం. తప్పంతా నాదేనని, ఆ చేత్తో ఎవరైనా అడుగుతారా అని, పడుకోబోయే వరకూ సణుగుతూనే ఉంది. కానీ లేచేముందు సెమ్మె ఎత్తి కింద చిల్లర పెట్టింది. ఫాదరీ గారు పెట్టకుండా వెళ్లబోతే వెనక్కి పిలిచింది.

వేసవిలో మీ దుకాణానికి సెలవు రాగానే బండెక్కి ఓతన్ రా. తోయ్‌నెట్‌కు ఆట మీద కన్నా సెమ్మె కింద ఎంత పడిందన్న దాని మీదే ధ్యాస, ఆడుతూ ఆడుతూ ఎత్తి చూస్తోంది. మాకు నాలుగో చెయ్యి కావాలి.

నీ అక్క,
ఒనొరీన్

తా.క. వచ్చాక ఎకార్తె మాట ఎత్తకు. పెద్దత్తగారు అది జూదమంటుంది.